పాత వెబ్‌క్యామ్ డ్రైవర్‌ను సాగనంపి, లైనక్స్ కెర్నెల్ సొంత డ్రైవర్‌కు మారడం ఎలా

“సార్, నిన్న అప్‌డేట్ చేశాం. ఈరోజు కెమెరా లేదు.” కర్నూలు నుంచో కడప నుంచో ఇలా ఫోను వస్తే నేను మొదట అడిగేది ఒకటే: ఆ కెమెరాకు డ్రైవర్ ఎవరు వేశారు? అవతల కాసేపు మౌనం. ఎవరో ఎప్పుడో సోర్సు దింపి, కంపైల్ చేసి, వేసి వెళ్లిపోయి ఉంటారు. కొన్నిచోట్ల ఆ ఎవరో నేనే.

అనంతపురంలో ఉంటూ మూడు ఊళ్ల కాలేజీ ల్యాబుల్లో, నెట్ సెంటర్లలో లైనక్స్ కంప్యూటర్లు చూసుకుంటాను. ఫోనులో ముక్కలుముక్కలుగా చెబుతూ వచ్చినదాన్ని ఇక్కడ వరుసగా పెడుతున్నాను.

ముందే ఒక మాట. ఈ పనిలో కొత్తగా వేయాల్సింది దాదాపు ఏమీ లేదు. కెర్నెల్‌లో, అంటే లైనక్స్ గుండెకాయ లాంటి ప్రోగ్రాములో, కెమెరాను నడిపే డ్రైవర్ ఎప్పటినుంచో ఉంది. దాని దారికి అడ్డంగా మనం పెట్టినవాటిని తీసేయడమే పని. “ఏ డ్రైవర్ వేయాలి సార్?” అని అడిగేవారికి ఇది మింగుడుపడదు, కానీ సంగతి అదే.

కమాండ్లను ఫోనులో చెప్పినట్టే, పలికే తీరులో రాశాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిషు చిన్న అక్షరాలతో కొట్టండి. పెద్ద అక్షరాలు కావాల్సిన చోట విడిగా చెబుతాను. సిస్టమ్‌ను మార్చే ప్రతి కమాండ్‌కూ ముందు ‘సుడో’ (నిర్వాహకుడి అధికారంతో నడపమనే మాట) ఉండాలి.

1. మీ కెమెరాకు ఇది వర్తిస్తుందా?

యూఎస్‌బీ వెబ్‌క్యామ్‌లు రెండు రకాలు. యూవీసీ అనే ఉమ్మడి ప్రమాణాన్ని పాటించేవి మొదటి రకం. వీటన్నిటికీ ‘యూవీసీవీడియో’ అనే ఒకే డ్రైవర్ చాలు. అది 2008లో 2.6.26 కెర్నెల్‌లో చేరింది.

ఆ ప్రమాణం రాకముందు ఒక్కో చిప్పు కంపెనీ ఒక్కో పద్ధతిలో చేసినవి రెండో రకం. వీటికోసం అదే ఏడాది 2.6.27లో ‘జీఎస్‌పీసీఏ’ కుటుంబం చేరింది. అందులో ఒక ప్రధాన మాడ్యూల్ (కెర్నెల్ అవసరమైనప్పుడు లోడ్ చేసుకునే డ్రైవర్ ముక్క), దాని కింద చిప్పుకొకటి చొప్పున ఉప మాడ్యూళ్లు ఉంటాయి.

‘యూనేమ్ -ఆర్’ కొట్టి కెర్నెల్ సంఖ్య చూడండి. అది 2.6తో మొదలైతే ఈ పని పక్కనపెట్టి, ముందు సిస్టమ్‌నే కొత్తది వేసుకోండి. 3 గానీ అంతకంటే పెద్ద అంకె గానీ మొదట ఉంటే ముందుకు సాగవచ్చు.

మీ కంప్యూటర్‌లో కింది పాత పేర్లలో ఏదైనా కనిపిస్తే, దాని స్థానంలోకి వచ్చే కెర్నెల్ మాడ్యూల్ ఇది:

- ఎస్‌పీసీఏ5ఎక్స్ఎక్స్, లేదా ‘జీఎస్‌పీసీఏ’ అనే ఒంటరి మాడ్యూల్: చిప్పును బట్టి ‘జీఎస్‌పీసీఏ_’ తో మొదలయ్యే ఉప మాడ్యూల్
- క్యూసీ-యూఎస్‌బీ: జీఎస్‌పీసీఏ_ఎస్‌టీవీ06ఎక్స్ఎక్స్
- ఓవీ51ఎక్స్-జెపెగ్: జీఎస్‌పీసీఏ_ఓవీ519
- జడ్‌సీ0301: జీఎస్‌పీసీఏ_జడ్‌సీ3ఎక్స్ఎక్స్
- ఎస్ఎన్9సీ102: జీఎస్‌పీసీఏ_సోనిక్స్‌బీ లేదా జీఎస్‌పీసీఏ_సోనిక్స్‌జే

మొదటి వరుసను ఇంకోసారి చదవండి. పాత మాడ్యూల్ పేరు ఒట్టి ‘జీఎస్‌పీసీఏ’. కెర్నెల్‌లో ఉన్న ప్రధాన మాడ్యూల్ పేరు ‘జీఎస్‌పీసీఏ_మెయిన్’. పేర్లు ఇంత దగ్గరగా ఉండటంతో పాతదాన్ని చూసి కొత్తదే నడుస్తోందని అనుకున్నవారు చాలామంది.

2. ముందు ఏర్పాట్లు

ఇక్కడ పది నిమిషాలు పెడితే తర్వాత ఒక పూట మిగులుతుంది.

మొదటిది కరెంటు. బూట్ ఇమేజ్‌ను (కంప్యూటర్ లేచేటప్పుడు కెర్నెల్ మొదట వాడే ఫైళ్ల మూటను) మళ్లీ తయారుచేసే దశలో మధ్యలో కరెంటు పోతే, ఆ కెర్నెల్‌తో కంప్యూటర్ లేవకపోవచ్చు. ల్యాబులో యూపీఎస్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి. ఎండాకాలంలో మన యూపీఎస్ బ్యాటరీలు ఎంతసేపు నిలుస్తాయో అందరికీ తెలిసిందే. కోత వేళలు చూసుకుని మొదలుపెట్టండి.

రెండోది వెనుదారి. బూట్ మెనూలో కనీసం ఇంకొక కెర్నెల్ ఉండాలి. పాత కెర్నెళ్లను శుభ్రం చేసే కమాండ్ ఈరోజు మాత్రం కొట్టకండి.

మొదలుపెట్టే ముందు సరిచూసుకోండి:

- ‘/ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డి’, ‘/ఈటీసీ/మాడ్యూల్స్-లోడ్.డి’ ఫోల్డర్లు, ‘/ఈటీసీ/మాడ్యూల్స్’ ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ అయ్యాయా?
- ‘/ఈటీసీ/ఆర్‌సీ.లోకల్’ ఉంటే అది కూడా కాపీ అయిందా?
- కెమెరాను పరీక్షించే కమాండ్లున్న ‘వీ4ఎల్-యూటిల్స్’ ప్యాకేజీ ఉందా? లేకపోతే నెట్ ఉండగానే వేసుకోండి.
- కెమెరా హబ్‌లో కాకుండా నేరుగా క్యాబినెట్ వెనుక పోర్టులో ఉందా?
- పాత డ్రైవర్‌తో కెమెరా ఇప్పుడు పనిచేస్తోందా?

చివరి ప్రశ్న తేలిగ్గా తీసుకోకండి. వైరు తెగిన కెమెరాకు డ్రైవర్ మార్చుతూ కర్నూలులో ఒక మధ్యాహ్నమంతా గడిపిన అనుభవం నాది. పాత డ్రైవర్ ఇప్పటికే చచ్చి ఉంటే, ఆ కెమెరాను ఇంకో కంప్యూటర్‌కు తగిలించి దీపం వెలుగుతోందో లేదో చూడండి.

3. కెమెరాను గుర్తుపట్టడం

పెట్టె మీద పేరు చూసి లాభం లేదు. ఒకే పేరుతో అమ్మిన కెమెరాల్లో వేర్వేరు చిప్పులు ఉంటాయి. మనకు కావాల్సింది యూఎస్‌బీ గుర్తింపు సంఖ్య.

కెమెరా తీసేసి ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ కొట్టండి. తగిలించి మళ్లీ కొట్టండి. రెండోసారి కొత్తగా వచ్చిన వరుసే మీ కెమెరా. అందులో ‘ఐడీ’ తర్వాత రెండుచుక్కలతో విడదీసిన రెండు సంఖ్యలు ఉంటాయి. ఉదాహరణకు 0ఏసీ8:305బీ. దీన్ని కాగితం మీద రాసుకోండి. సగం సంఖ్య కంపెనీది, సగం నమూనాది.

ఇప్పుడు ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ -వీ -డీ’ అని, ఆ పక్కన మీ సంఖ్య చేర్చి కొట్టండి. పొడవాటి జాబితా వస్తుంది. అందులో ఇంటర్‌ఫేస్ క్లాస్ దగ్గర ‘14 వీడియో’ అని ఉంటే మీది యూవీసీ కెమెరా. అయితే సగం పని అయిపోయినట్టే, నేరుగా 4వ అంకానికి వెళ్లండి.

అక్కడ 255, వెండర్ స్పెసిఫిక్ అని ఉంటే అది పాత రకం. ఏ ఉప మాడ్యూల్ దాన్ని గుర్తిస్తుందో చూడాలి. ‘మాడ్‌ఇన్ఫో జీఎస్‌పీసీఏ_జడ్‌సీ3ఎక్స్ఎక్స్’ కొడితే అది గుర్తుపట్టే కెమెరాలన్నీ ‘ఎలియాస్’ వరుసల్లో వస్తాయి. అక్కడ సంఖ్య కాస్త వేషం మార్చుకుని ఉంటుంది: కంపెనీ సంఖ్య ముందు ‘వీ’, నమూనా సంఖ్య ముందు ‘పీ’ చేరి, లోపలి ఏ, బీ, సీలు పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి. మన ఉదాహరణ ‘వీ0ఏసీ8పీ305బీ’ అవుతుంది.

ఒక్కొక్క మాడ్యూల్‌నూ ఇలా వెతకడం విసుగైతే, ‘/లిబ్/మాడ్యూల్స్’ కింద మీ కెర్నెల్ ఫోల్డర్‌లో ‘మాడ్యూల్స్.ఎలియాస్’ అనే ఫైలు ఉంటుంది. అన్ని మాడ్యూళ్ల జాబితా అదే. ‘గ్రెప్ -ఐ’ తో మీ సంఖ్యను, ఆ మారువేషంలోనే, అందులో వెతకండి. వరుస చివర మాడ్యూల్ పేరు ఉంటుంది.

యూవీసీ కాదు, ఆ ఫైలులోనూ లేదు అంటే కెర్నెల్‌కు మీ కెమెరా తెలియదు. పాత డ్రైవర్ తీసేస్తే చేతిలో ఉన్నదీ పోతుంది. నా సలహా: ఆ కెమెరాకు సెలవిచ్చి యూవీసీ కెమెరా ఒకటి కొనండి. ప్రతి అప్‌డేట్‌కూ కంపైల్ చేస్తూ కూర్చోవడం ఖర్చు లేని పనిలా కనిపిస్తుంది గానీ, మీ సమయానికి వెల లేదా?

4. ఇప్పుడు కెమెరా ఎవరి చేతిలో ఉంది?

‘ఎల్ఎస్‌మాడ్’ కొట్టి, వచ్చిన జాబితాలో కెమెరా మాడ్యూల్ పేరు పట్టుకోండి. తర్వాత ‘మాడ్‌ఇన్ఫో -ఎన్’ పక్కన ఆ పేరు చేర్చి కొట్టండి. ఆ మాడ్యూల్ ఫైలు ఎక్కడుందో చెబుతుంది.

- దారిలో ‘కెర్నెల్/డ్రైవర్స్/మీడియా/యూఎస్‌బీ’ ఉంటే అది చాలావరకు ఇంటిదే.
- ‘అప్‌డేట్స్’, ‘డీకేఎంఎస్’, ‘ఎక్స్‌ట్రా’ వంటి ఫోల్డర్లలో ఉంటే బయటిది.

దారి ఒక్కటే చూసి తీర్పు ఇవ్వకండి. పాత డ్రైవర్లలో కొన్ని దర్జాగా కెర్నెల్ సొంత ఫోల్డర్‌లోకే వెళ్లి కూర్చునేవి. అందుకే ‘-ఎన్’ లేకుండా ఒట్టి ‘మాడ్‌ఇన్ఫో’ కూడా కొట్టి, ‘ఇన్‌ట్రీ’ అనే వరుస కోసం చూడండి. అక్కడ ‘వై’ అని ఉంటే కెర్నెల్‌తో పాటు వచ్చిందే. ఆ వరుసే లేకపోతే బయటిది.

ఇంకో ఆనవాలు: ‘/ప్రోక్/సిస్/కెర్నెల్/టెయింటెడ్’ ఫైలును ‘క్యాట్’ తో చూడండి. 4096 అని వస్తే బయటి మాడ్యూల్ ఏదో లోడ్ అయిందని అర్థం. గ్రాఫిక్స్ డ్రైవర్ వల్ల కూడా ఈ సంఖ్య మారుతుంది కాబట్టి దీన్ని అనుమానంగానే తీసుకోండి.

చివరగా ‘డీకేఎంఎస్ స్టేటస్’. కెర్నెల్ మారినప్పుడల్లా బయటి డ్రైవర్లను మళ్లీ కంపైల్ చేసే యంత్రాంగం ఇది. అప్‌డేట్ మధ్యలో ఎర్రక్షరాలతో ఆగిపోవడం, తర్వాత ఏ ప్యాకేజీ వేయబోయినా అదే గోల రావడం చాలావరకు ఇక్కడి నుంచే. జాబితాలో కెమెరా పేరు ఉంటే దాని వెర్షన్‌తో సహా రాసుకోండి.

5. తీసివేత: వరుస తప్పవద్దు

ఈ అంకం నిదానంగా చేయండి.

అ) కెమెరాను వాడుతున్న ప్రోగ్రాములన్నీ మూసేయండి. ‘ఫ్యూజర్ -వీ /డెవ్/వీడియో0’ కొడితే ఇంకా ఎవరు పట్టుకున్నారో తెలుస్తుంది. బ్రౌజర్ మూసినా వెనుక బతికే ఉండవచ్చు. తర్వాత కెమెరా వైరు పీకేయండి.

ఆ) ‘మోడ్‌ప్రోబ్ -ఆర్’ పక్కన పాత మాడ్యూల్ పేరు. ‘వాడుకలో ఉంది’ అన్న అర్థం వచ్చే సందేశం వస్తే మళ్లీ ‘అ’కు వెళ్లండి. బలవంతంగా తీయడానికి మార్గాలున్నాయి, వాటి జోలికి పోకండి.

ఇ) డీకేఎంఎస్ జాబితాలో ఉంటే: ‘డీకేఎంఎస్ రిమూవ్ పేరు/వెర్షన్ --ఆల్’. చివరి ‘--ఆల్’ మరిస్తే ఇంకో కెర్నెల్ దగ్గర అది మిగిలిపోతుంది. ప్యాకేజీగా వేసి ఉంటే దీనికి బదులు ఆ ప్యాకేజీనే ‘ఆప్ట్ పర్జ్’ చేయండి. ‘/యూఎస్ఆర్/ఎస్ఆర్‌సీ’ కింద మిగిలిన దాని సోర్సు ఫోల్డర్‌నూ తీసేయండి.

ఈ) చేత్తో కంపైల్ చేసి వేసినదైతే, 4వ అంకంలో దొరికిన దారిలోని ఆ ఒక్క మాడ్యూల్ ఫైలును తొలగించండి. ‘/లిబ్/మాడ్యూల్స్’ కింద ఉన్న ప్రతి కెర్నెల్ ఫోల్డర్‌లోనూ చూడండి. చుక్క, నక్షత్రం గుర్తులతో గంపగుత్తగా చెరిపే కమాండ్లు ఇక్కడ వద్దేవద్దు.

పాత డ్రైవర్ కెర్నెల్ సొంత ఫైలు మీదే తిష్ఠ వేసి ఉంటే, తొలగించాక ఆ చోటు ఖాళీ అవుతుంది. అప్పుడు మీ కెర్నెల్ ప్యాకేజీలను ‘ఆప్ట్ ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్’ తో మళ్లీ వేస్తే అసలు ఫైలు తిరిగి వస్తుంది. ఉబుంటులో మాడ్యూళ్లు వేరే ప్యాకేజీలో ఉంటాయి, కాబట్టి ఇమేజ్‌తో పాటు ‘లైనక్స్-మాడ్యూల్స్’తో మొదలయ్యే ప్యాకేజీలనూ వేయాలి.

ఉ) ఇప్పుడు నిషేధాజ్ఞలు. నూటికి తొంభై ఫోన్లు ఆగిపోయేది ఇక్కడే.

పాత డ్రైవర్ వేసినప్పుడు, కెర్నెల్ డ్రైవర్ దానికి అడ్డు రాకుండా ‘బ్లాక్‌లిస్ట్’ అని ఒక వరుస రాసేవాళ్లం. డ్రైవర్ పోయినా ఆ వరుస పోదు. కడపలో ఒక ల్యాబులో అంతా వరుసగా చేశాం, రీబూట్ అయింది, కెమెరా లేదు. కెర్నెల్ సందేశాల్లో యూఎస్‌బీ పరికరం వచ్చినట్టు ఉంది, ఆ తర్వాత నిశ్శబ్దం. చేత్తో ‘మోడ్‌ప్రోబ్ జీఎస్‌పీసీఏ_జడ్‌సీ3ఎక్స్ఎక్స్’ కొట్టగానే దీపం వెలిగింది. రీబూట్ చేస్తే మళ్లీ చీకటి.

మోడ్‌ప్రోబ్.డి ఫోల్డర్‌లో వెతికితే ‘లోకల్-కెమెరా.కాన్ఫ్’ అనే ఫైలు. అందులో బ్లాక్‌లిస్ట్ వరుస, దాని పైన ‘కొత్త డ్రైవర్‌తో గొడవ రాకుండా’ అని ఒక వ్యాఖ్య. రాసింది నేనే, ఏళ్ల క్రితం. ల్యాబ్ అసిస్టెంట్ నా వైపు చూశాడు, నేను కీబోర్డు వైపు చూశాను.

కాబట్టి ఈ లక్షణం గుర్తుంచుకోండి: చేత్తో పిలిస్తే వస్తుంది, తనంతట రాదు అంటే అది బ్లాక్‌లిస్టే. ఆ వరుస తానుగా లోడ్ కావడాన్ని ఆపుతుంది తప్ప, పేరు పెట్టి పిలిస్తే అడ్డుకోదు. చేత్తో పిలిచినా రాకపోతే ‘ఇన్‌స్టాల్’ తో మొదలై ‘/బిన్/ఫాల్స్’ లేదా ‘/బిన్/ట్రూ’ తో ముగిసే వరుస కోసం చూడండి.

వెతకాల్సిన చోట్లు:

- ‘/ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డి’: బ్లాక్‌లిస్ట్, ఇన్‌స్టాల్, పాత మాడ్యూల్ పేరుతో ఉన్న ఆప్షన్స్ వరుసలు
- ‘/ఈటీసీ/మాడ్యూల్స్’, ‘/ఈటీసీ/మాడ్యూల్స్-లోడ్.డి’: పాత మాడ్యూల్‌ను బూట్‌లో పిలిచే వరుసలు
- ‘/ఈటీసీ/ఆర్‌సీ.లోకల్’: ‘ఇన్స్‌మాడ్’ తో మొదలయ్యే వరుస
- ‘/ఈటీసీ/యూడెవ్/రూల్స్.డి’: కెమెరా సంఖ్య ఉన్న నియమాలు
- ‘/ప్రోక్/సీఎండీలైన్’: ‘మోడ్‌ప్రోబ్.బ్లాక్‌లిస్ట్’ అనే మాట కనిపిస్తే ‘/ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్’ లో దాన్ని తీసి ‘అప్‌డేట్-గ్రబ్’ కొట్టాలి

‘గ్రెప్ -ఆర్ జీఎస్‌పీసీఏ /ఈటీసీ’, ఆ తర్వాత ‘గ్రెప్ -ఆర్ యూవీసీవీడియో /ఈటీసీ’ కొడితే చాలావరకు ఒకేసారి బయటపడతాయి. ప్యాకేజీతో పాటు వచ్చిన ఫైళ్లను మాత్రం ముట్టుకోకండి, మన చేతిరాత ఉన్నవాటినే సరిచేయండి.

ఊ) ‘డెప్‌మాడ్ -ఏ’, ఆ తర్వాత ‘అప్‌డేట్-ఇనిట్‌రామ్ఎఫ్ఎస్ -యూ -కే ఆల్’. ఇది డెబియన్, ఉబుంటు కుటుంబానికి. ఫెడోరా అయితే ‘డ్రాకట్ -ఎఫ్’. మోడ్‌ప్రోబ్.డి ఫైళ్ల కాపీ బూట్ ఇమేజ్‌లో కూడా ఉంటుంది. అక్కడ పాత నిషేధం అలాగే ఉండిపోకూడదనే ఈ కమాండ్. కరెంటు విషయంలో జాగ్రత్త అన్నది దీనికోసమే.

ఋ) రీబూట్ కాదు, పూర్తిగా షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయండి. కెమెరా ఇంకా బయటే ఉండాలి.

6. కెర్నెల్ డ్రైవర్‌ను నిలబెట్టడం

టెర్మినల్‌లో ‘డీమెసేజ్’ అని మనం పలికే కమాండ్‌ను (డీ, ఎం, ఈ, ఎస్, జీ) ‘-డబ్ల్యూ’ తో నడిపి, అలా వదిలేసి, ఇప్పుడు కెమెరా తగిలించండి. వరుసలు వాటంతటవే పడతాయి. పాత రకం కెమెరా అయితే ‘జీఎస్‌పీసీఏ_మెయిన్’ పేరు, ‘ప్రోబింగ్’ అన్న మాట, పక్కన మీరు కాగితం మీద రాసుకున్న సంఖ్య కనిపించాలి. యూవీసీ అయితే ‘యూవీసీవీడియో’ పేరుతో ‘ఫౌండ్ యూవీసీ’ అన్న వరుస వస్తుంది.

తర్వాత వరుసగా:

- ‘వీ4ఎల్2-సీటీఎల్ --లిస్ట్-డివైసెస్’: కెమెరా పేరు, దాని కింద ‘/డెవ్/వీడియో0’ రావాలి.
- ‘వీ4ఎల్2-సీటీఎల్ --లిస్ట్-ఫార్మాట్స్-ఎక్స్‌ట్’: ఏ రూపాల్లో, ఏ సైజుల్లో చిత్రం ఇస్తుందో చూపుతుంది.
- ‘వీ4ఎల్2-సీటీఎల్ --స్ట్రీమ్-ఎంమ్యాప్ --స్ట్రీమ్-కౌంట్=100’: కిటికీ ఏదీ తెరవకుండా వంద ఫ్రేములు లాగుతుంది. మధ్యలో ఆగకుండా పూర్తయితే డ్రైవర్ నిలబడినట్టే.

మూడోది తప్పక చేయండి. డ్రైవర్ బాగాలేకపోయినా, డ్రైవర్ బాగుండి ప్రోగ్రాము బాగాలేకపోయినా, చూసేవారికి రెండూ నల్ల తెరగానే కనిపిస్తాయి. దీంతో తప్పు ఎవరిదో తేలిపోతుంది.

యూవీసీ కెమెరాకు ‘వీడియో0’, ‘వీడియో1’ అని రెండు కనిపిస్తే కంగారుపడకండి. 4.16 కెర్నెల్ నుంచి రెండోది చిత్రాల తాలూకు అదనపు సమాచారానికి మాత్రమే. ప్రోగ్రాములో మొదటిదాన్ని ఎంచుకోండి.

7. చిత్రం సరిచేయడం

ట్యూబ్‌లైటు కింద తెర మీద చారలు పైకో కిందికో జారుతుంటే, అది డ్రైవర్ లోపం కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే ట్యూబ్‌లైటు సెకనుకు వందసార్లు మినుకుతుంది. కెమెరా 60 లెక్కలో ఉంటే ఆ మినుకు చారగా కనిపిస్తుంది. ‘వీ4ఎల్2-సీటీఎల్ -సీ పవర్_లైన్_ఫ్రీక్వెన్సీ=1’ కొట్టండి. 1 అంటే 50, 2 అంటే 60, 0 అంటే ఏదీ వద్దని.

పాత డ్రైవర్‌తో పాటు వెలుతురు, రంగు మార్చే ఆప్షన్లు మాడ్యూల్‌కే ఇచ్చేవాళ్లం. ఇప్పుడు అవి కెమెరాకు ఇవ్వాలి. ‘--లిస్ట్-సీటీఆర్ఎల్స్-మెనూస్’ చూపే పేర్లనే వాడండి, ఇంకొకరి కంప్యూటర్ నుంచి తెచ్చిన పేర్లు కాదు. కెర్నెల్‌ను బట్టి కొన్ని మారాయి.

కెమెరా పీకి పెడితే ఈ అమరికలు పోవచ్చు. ఆ కమాండ్‌ను లాగిన్ కాగానే నడిచే ప్రోగ్రాముల జాబితాలో పెట్టుకుంటే సరి.

చిత్రం మసకగా ఉంటే కమాండ్లు వెతక్కండి. ఈ పాత కెమెరాల్లో చాలావాటికి లెన్సు చుట్టూ చేత్తో తిప్పే రింగు ఉంటుంది. ముందు మెత్తని నూలుగుడ్డతో దుమ్ము తుడిచి, తర్వాత రింగు తిప్పండి.

8. ఎక్కువగా ఎదురయ్యే తిప్పలు

“డిస్కులో చోటు లేదంటోంది సార్.” రెండు కెమెరాలు పెట్టినప్పుడు వచ్చే ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’ డిస్కు గురించి కాదు, యూఎస్‌బీ దారిలో చోటు గురించి. లెక్క చూడండి: 640 × 480 చిత్రం, చుక్కకు 2 బైట్లు, సెకనుకు 30 ఫ్రేములు అంటే సెకనుకు 1,84,32,000 బైట్లు. యూఎస్‌బీ 2.0 ఒక దారిలో ఇలాంటి ప్రవాహానికి ఇవ్వగలిగింది దాదాపు 2 కోట్ల 45 లక్షలు. ఒకటి పడుతుంది, రెండు పట్టవు.

మందు మూడు రకాలు. ప్రోగ్రాములో ఎంజెపెగ్ అనే కుదించిన రూపం ఎంచుకోండి, లేదా చిత్రం సైజు తగ్గించండి, లేదా రెండో కెమెరాను వేరే కంట్రోలర్ పోర్టుకు మార్చండి. ఏ పోర్టు ఏ దారిలో ఉందో ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ -టీ’ చెట్టులా గీసి చూపిస్తుంది. కొన్ని యూవీసీ కెమెరాలు అవసరానికి మించి చోటు అడుగుతాయి. వాటికి మోడ్‌ప్రోబ్.డి లో కొత్త ఫైలు పెట్టి ‘ఆప్షన్స్ యూవీసీవీడియో క్విర్క్స్=128’ అని రాయండి. అది కూడా చిత్రం కుదించకుండా పంపేటప్పుడే పనికొస్తుంది.

తలకిందులుగా కనిపించడం. లెన్సు తిరగేసి బిగించిన కెమెరాల్లో పాత డ్రైవర్ ఆ పని తానే చూసుకునేది. ఇప్పుడు అది లిబ్‌వీ4ఎల్ లైబ్రరీ (కెమెరాకూ ప్రోగ్రాముకూ మధ్య చిత్రాన్ని సరిచేసే ఉమ్మడి కోడ్) చూస్తుంది. ప్రోగ్రాము తెరిచే కమాండ్ ముందు ‘లిబ్‌వీ4ఎల్‌కంట్రోల్_ఫ్లాగ్స్=3’ చేర్చండి. ఈ పేరంతా పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఆ లైబ్రరీని వాడే ప్రోగ్రాములకే ఇది పనిచేస్తుంది.

వంద ఫ్రేములు వస్తున్నాయి, ప్రోగ్రాములో మాత్రం నలుపు. జీఎస్‌పీసీఏ కెమెరాల్లో కొన్ని తమ సొంత కుదింపు రూపంలోనే చిత్రం ఇస్తాయి. పీఏసీ207 చిప్పు అలాంటిదే. కెర్నెల్ దాన్ని విప్పదు, విప్పేది లిబ్‌వీ4ఎల్. ఆ లైబ్రరీ తెలియని ప్రోగ్రామును ‘ఎల్‌డీ_ప్రీలోడ్’ (ఇదీ పెద్ద అక్షరాల్లోనే) ద్వారా ‘వీ4ఎల్2కన్వర్ట్.ఎస్ఓ’ ఫైలుతో తెరవాలి. 64 బిట్ ఉబుంటులో అది ‘/యూఎస్ఆర్/లిబ్/ఎక్స్86_64-లైనక్స్-జీఎన్‌యూ/లిబ్‌వీ4ఎల్’ కింద ఉంటుంది. బ్రౌజర్లలో ఈ చిట్కా మీద ఆశ పెట్టుకోకండి. నకిలీ కెమెరా సృష్టించే వీ4ఎల్2లూప్‌బ్యాక్ వేసుకోమని కొందరు చెబుతారు. అది కూడా బయటి మాడ్యూలే! ఒక అద్దె ఇల్లు ఖాళీ చేసి పక్కనే ఇంకోటి తీసుకున్నట్టు.

సుడోతో వస్తుంది, మామూలుగా రాదు. వాడుకరి ‘వీడియో’ గుంపులో లేడు. ‘యాడ్‌యూజర్ పేరు వీడియో’ కొట్టి, లాగౌట్ అయి రావాలి.

తర్వాతి అప్‌డేట్‌తో పాత డ్రైవర్ మళ్లీ వచ్చింది. డీకేఎంఎస్‌లోనో ఆర్‌సీ.లోకల్‌లోనో వేరు మిగిలింది. 5వ అంకంలో ‘ఇ’, ‘ఉ’ మళ్లీ చేయండి.

సెక్యూర్ బూట్. నమ్మకమైన డిజిటల్ సంతకం ఉన్నవాటినే లోడ్ కానిచ్చే రక్షణ ఇది. పాత డ్రైవర్‌కు సంతకం లేదని ఎవరో బయోస్‌లో దీన్ని ఆపి ఉంటారు. మీ డిస్ట్రిబ్యూషన్ ఇచ్చే కెర్నెల్ మాడ్యూళ్లకు సంతకం ఉంటుంది. బయటి మాడ్యూళ్లు ఇంకేవీ లేకపోతే దాన్ని తిరిగి ఆన్ చేసుకోవచ్చు.

9. ల్యాబులో ముప్పై కంప్యూటర్లుంటే

అన్నిటినీ ఒకేరోజు మొదలుపెట్టకండి. ఒకదాన్ని పూర్తిచేసి, అందులో ఒక కెర్నెల్ అప్‌డేట్ దాటేవరకు ఆగండి. ఆ అప్‌డేట్ తర్వాత కూడా కెమెరా తనంతట వస్తేనే మిగతావి.

అన్నీ ఒకేసారి కొన్నవే అయినా ప్రతి కెమెరా సంఖ్యా విడిగా చూడండి. అనంతపురంలో ఒకే బిల్లు మీద వచ్చిన పన్నెండు కెమెరాల్లో మూడింటి సంఖ్య వేరుగా తేలింది. మూడూ వేరే ఉప మాడ్యూల్‌వి.

ప్రతి క్యాబినెట్ మీద చిన్న చీటీ అంటించండి: కెమెరా సంఖ్య, మాడ్యూల్ పేరు, మార్చిన తేదీ, ఏయే ఫైళ్లలో చేయి పెట్టారో. కడప ల్యాబులో నేను ఆనాడు ఈ చీటీ అంటించి ఉంటే, ఆ లోకల్-కెమెరా.కాన్ఫ్ కోసం సాయంత్రం బస్సు తప్పిపోయేది కాదు.